తుపాను వెలిశాక తిరుపతిలో షాపు మళ్లీ నడిపించడం ఎలా

వాన వెలిసి షట్టర్ ఎత్తగానే ఎవరి చెయ్యైనా చీపురు మీదికే పోతుంది. ఆగండి. ముందు ఫోన్ తీసి, గోడ మీద నీళ్లు నిలబడిన గీత, తడిసిన పెట్టెల మీద బ్యాచ్ నంబరు స్పష్టంగా కనిపించేలా ఫోటోలు, వీడియోలు తీయండి. ఇన్సూరెన్స్ వాళ్లకు అదే రోజు చెప్పి, నష్టం లెక్కకట్టే వాళ్ల సర్వేయర్ వచ్చి చూసేదాకా పాడైన సరుకును చెత్తబండికి వేయకుండా ఒక పక్కన పెట్టండి. పాలసీ లేదనుకునేవాళ్లు లోను కాగితాలు ఒకసారి తిరగేయండి, లోను ఇచ్చేటప్పుడు బ్యాంకులు దాన్ని కూడా కట్టించడం మామూలే, మనమే మర్చిపోతాం. ఇంకోటి, పాడైపోయిన సరుకు మీద తీసుకున్న జీఎస్టీ ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన జీఎస్టీని మన పన్నులో తగ్గించుకున్నది) వెనక్కి కట్టాలి, కాబట్టి క్లెయిమ్ లెక్క వేసే ముందే ఆడిటర్‌తో మాట్లాడండి.

నీళ్లు స్విచ్‌బోర్డు దాకా వచ్చి ఉంటే ఎలక్ట్రీషియన్ చూడకుండా మెయిన్ వేయొద్దు. కరెంటు కంప్లయింట్‌కు 1912. జనరేటర్‌ను షాపు లోపల అస్సలు నడపకండి, దాని పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన కూడా ఉండదు.

అన్నీ బాగయ్యాకే తెరుద్దామని కూర్చోవద్దు, బయట బెంచీ వేసి పాలు, బ్రెడ్, కొవ్వొత్తులు, దోమల చక్రాలు, నీళ్ల క్యాన్లు పెట్టినా చాలు, కొర్లగుంటలో అయినా ఆటోనగర్‌లో అయినా ఆ రోజు జనం అడిగేవి అవే. రేటు మాత్రం పెంచకండి, వీధివాళ్లు ఏళ్ల తరబడి గుర్తుపెట్టుకుంటారు. వరద నీళ్లు తగిలిన పిండి, పప్పు ఎండబెట్టి అమ్మడం దుర్మార్గం, పారేయండి. నెట్ లేకపోతే బ్యాంకుకు ఇచ్చిన నంబరు నుంచి స్టార్ 99 హ్యాష్ కొట్టి డబ్బు పంపొచ్చు, 5,000 రూపాయల దాకా. అయినా గల్లాలో చిల్లర ఉంచుకోండి.

లాడ్జీలు, హోటళ్లది వేరే టెన్షన్. 2021 నవంబరు వానలకు కొండచరియలు విరిగిపడి తిరుమల ఘాట్ రోడ్లు మూశారు, శ్రీవారి మెట్టు నడకదారి దెబ్బతిని తెరవడానికి నెలలు పట్టింది. భక్తులు ఆగిపోతే బుకింగ్ ఉన్నవాళ్లకు మీరే ఫోన్ చేసి తేదీ మార్చుకోమనండి, డబ్బు వెనక్కి అడిగేవాళ్లు తగ్గుతారు. కిచెన్ ఉంటే ఊళ్లోవాళ్లకు పార్సిల్ భోజనం మొదలుపెట్టండి.

మీరిచ్చిన చెక్కును డిస్ట్రిబ్యూటర్ బ్యాంకులో వేసేలోపే ఫోన్ చేసి గడువు అడగండి, బౌన్స్ అయ్యాక ఎంత చెప్పినా వినరు. కొత్త సరుకు వస్తే నేల మీద దించకండి, డిసెంబరు దాకా ఒక అల్పపీడనం వెనకే ఇంకోటి వస్తుంటుంది, గోడ మీద ఆ నీళ్ల గీత కన్నా ఎత్తులోనే ర్యాకులు బిగించండి.