వాడేసిన టోలీన్‌ను మళ్లీ ముడిసరుకుగా మార్చడం ఎలా?

జీడిమెట్లలోనైనా పరవాడలోనైనా, బల్క్ డ్రగ్ (మందుల్లోని అసలు పదార్థం) ప్లాంటు వాడే సరుకులో పెద్ద వాటా టోలీన్ లాంటి సాల్వెంట్లదే, అంటే కరిగించే ద్రవాలదే. ఒక్కసారి వాడిన టోలీన్‌ను సిమెంటు కిల్న్‌కు (బట్టీకి) ఇంధనంగా పంపేస్తుంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. సరిగ్గా డిస్టిల్ చేస్తే, అంటే మరిగించి ఆవిరిని చల్లార్చి పట్టుకుంటే, అది మళ్లీ ముడిసరుకే. అయితే ఇది అనుమతులున్న ప్లాంటులో చేసే పని, షెడ్డుల్లో కాదు. టోలీన్ ఆవిరి నిప్పు తగిలితే అంటుకునే ఉష్ణోగ్రత (ఫ్లాష్ పాయింట్) 4 డిగ్రీలే.

రియాక్టర్, కండెన్సర్, వచ్చిన ద్రవం పట్టే రెండు రిసీవర్లు, నైట్రోజన్, ఎర్తింగ్ చాలు. ఏ తయారీ స్టేజీ మదర్ లిక్కర్‌ను (సరుకు వడకట్టాక మిగిలే వాడేసిన సాల్వెంట్‌ను) ఆ స్టేజీకే విడిగా పట్టండి. ఆమ్లం ఉంటే సోడా (క్షారం) కలిపిన నీళ్లతో కడిగి, కింది పొర తీసేయండి. రియాక్టర్‌ను 70 శాతానికి మించి నింపొద్దు.

నైట్రోజన్ పెట్టి వేడి చేయండి. ఆవిరి ఉష్ణోగ్రత 84, 85 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. టోలీన్ 110 దగ్గర కదా మరగాలి అని స్టీమ్ పెంచేస్తారు చాలామంది. వద్దు. అక్కడ నీళ్లూ టోలీనూ కలిసి వస్తున్నాయి. సైట్ గ్లాసులో (లోపల చూసే అద్దంలో) పాలలా కనిపించి, కాసేపటికి నీళ్లు అడుగుకు దిగుతాయి. నీళ్లు తీసేసి పై టోలీన్‌ను తిరిగి రియాక్టర్‌లోకి పంపండి. ఆవిరి ఉష్ణోగ్రత 110 దగ్గర నిలకడగా నిలిచాకే రెండో రిసీవర్‌కు మార్చండి.

అసలు ప్రమాదం చివర్లోనే. ఇంకో రెండు డ్రమ్ములు వస్తాయన్న ఆశతో అడుగంటేదాకా లాగుతారు. అడుగున మిగిలేది టోలీన్ కాదు, చిక్కటి తారు. మట్టం తగ్గి కలియబెట్టే బ్లేడు అందదు, జాకెట్ (రియాక్టర్ చుట్టూ వేడినిచ్చే తొడుగు) వేడి ఒకేచోట పడుతుంది, అందులోని పదార్థాలు విచ్ఛిన్నమై గ్యాస్ వదిలితే ప్రెషర్ అదుపు తప్పుతుంది. అందుకే ఆ రెసిడ్యూ ఏ వేడి దాకా తట్టుకుంటుందో ల్యాబులో డీఎస్సీ (వేడి చేస్తూ ఎక్కడ విచ్ఛిన్నమవుతుందో చూసే పరీక్ష) ముందే చేయించండి. జాకెట్ వేడి దానికి చాలా కిందే ఉండాలి. పది శాతం మిగలగానే ఆపేయాలి, బేరాల్లేవు. చల్లారాకే దించండి. కిల్న్‌కు పోవాల్సింది ఆ తారు మాత్రమే.

బయట రికవరీ యూనిట్‌కు ఇస్తే చౌక అంటారు. అక్కడ ఎవరి డ్రమ్ము ఎవరిదాంట్లో కలుస్తుందో ఎవరు చూస్తారు? 2018లో వల్సార్టాన్ బీపీ మాత్రల్లో నైట్రోసమైన్లు (క్యాన్సర్ ముప్పున్న మలినాలు) బయటపడ్డాక, అవి చేరే దారుల్లో రికవరీ సాల్వెంట్లు కూడా ఉన్నాయని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏనే చెప్పింది. సొంత ప్లాంటులో చేసుకోవడమే పద్ధతి.

చివరగా జీసీ (గ్యాస్ క్రొమటోగ్రఫీ) పరీక్షలో ప్యూరిటీ, కార్ల్ ఫిషర్ పరీక్షలో తేమ చూసి, ‘రికవరీ’ అని లేబుల్ అంటించి, వచ్చిన స్టేజీకే తిరిగి వాడండి.