కడప ఎండల్లో మొరాయించే పీసీ: కూలర్, ర్యామ్ మార్పు (నా అనుభవం)

మే మధ్యాహ్నం వీడియో రెండర్ పెడితే చాలు, ఫ్యాన్ హోరు, ఆపైన నత్తనడక. ప్రాసెసర్ రైజెన్ 5 5600, దాంతోపాటు వచ్చిన చిన్న కూలర్, 8 జీబీ ర్యామ్. వేడి ఎంతుందో చూపే హెచ్‌డబ్ల్యూఇన్ఫో సాఫ్ట్‌వేర్‌లో చూస్తే ప్రాసెసర్ 90 డిగ్రీలు. ఆ చిప్‌కు గరిష్ఠ హద్దు అదే. అక్కడికి చేరితే స్పీడు తానే తగ్గించుకుంటుంది. గది గాలే వేడిగా ఉంటే చిన్న కూలర్ ఏం చేస్తుంది?

120 ఎంఎం ఫ్యాన్ ఉన్న టవర్ కూలర్ తీసుకున్నాను. ఇవి చాలావరకు 150–160 ఎంఎం ఎత్తుంటాయి, కాబట్టి క్యాబినెట్‌లో పడుతుందో లేదో ముందే చూసుకోవాలి.

పాతది తీయడమే అసలు గండం. ఈ ప్రాసెసర్ కూర్చునే ఏఎం4 రకం సాకెట్‌లో పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి. కూలర్‌ను నిటారుగా లాగితే, ఎండిన పేస్ట్‌కు (ప్రాసెసర్ వేడిని కూలర్‌కు చేరవేసే పూత) అంటుకుని ప్రాసెసర్ కూడా సాకెట్లోంచి ఊడి రావచ్చు, పిన్నులు వంగొచ్చు. పది నిమిషాలు పీసీకి బరువైన పని పెట్టి వేడెక్కనిచ్చి, ఆపేసి, ప్లగ్ పీకి, స్క్రూలు విప్పాక కూలర్‌ను మెల్లగా అటూఇటూ తిప్పి తీయాలి. పాత పేస్ట్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, మధ్యలో బఠాణీ గింజంత కొత్తది పెట్టాలి.

ముందు ఫ్యాన్ గాలి లోపలికి, వెనకది బయటికి. మన దుమ్ముకు ముందువైపు జాలీ తప్పనిసరి. రంగుల లైట్లకు పెట్టే డబ్బు దీనికి పెట్టండి.

ర్యామ్‌కు అదే స్పీడు 8 జీబీ స్టిక్ ఇంకోటి జోడించాను. నాలుగు స్లాట్ల బోర్డులో ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి 2, 4 స్లాట్లలో పెట్టాలి. బయోస్‌లో (పీసీ ఆన్ కాగానే తెరవగలిగే బోర్డు సెట్టింగులు) ఎక్స్‌ఎంపీ, అంటే ర్యామ్‌ను దాని పూర్తి స్పీడుకు తెచ్చే సెట్టింగ్, ఆన్ చేయకపోతే 3200 స్పీడు స్టిక్‌లు చాలాసార్లు 2133 లేదా 2400 దగ్గరే ఆగిపోతాయి.