ఒకేలా కనిపించే రెండు ఎలక్ట్రిక్ గిటార్లలో ఒకటి ఎంచుకోవడం ఎలా?

ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు మెలొడీ ఆర్కెస్ట్రాల్లో గిటార్ వాయించేవాళ్లకి ఒక్క రాత్రిలో మూడు భాషలు దాటాలి. ఒడియా భజనతో మొదలవుతుంది. తర్వాత తెలుగు డాన్సు పాట. మధ్యలో ఎవరో పెద్దాయన చీటీ పంపితే పాత హిందీ పాట. పన్నెండు దాటాక కుర్రాళ్ల కోసం శబ్దాన్ని గరుకుగా మార్చే డిస్టార్షన్ పెడల్ తొక్కాల్సిందే. చేతిలో ఉండేది మాత్రం ఒకటే గిటార్.

కొనడానికి వెళ్తే ఒకే ఆకారం, ఒకే రంగు, వేర్వేరు ధరలతో రెండు మూడు గిటార్లు పక్కపక్కన వేలాడుతుంటాయి. తేడా ఏమిటని అడిగితే షాపువాడు "ఇది ప్రొఫెషనల్ మోడల్ అండీ" అంటాడు. ఆ మాటతో మనకి పనిలేదు. కింద చెప్పిన వరుసలో చూసుకుంటే తేడా మీకే తెలుస్తుంది.

1. ముందు పాటల జాబితా

గిటార్ పేర్లు వెతకడానికి ముందు మీరు ఎక్కువగా వాయించే ఓ ఇరవై పాటలు కాగితం మీద రాయండి. ప్రతి పాట పక్కన గిటార్ పని ఏమిటో రాయండి: క్లీన్ టోన్‌లో (డిస్టార్షన్ లేకుండా) తీగలు ఒక్కొక్కటిగా మీటడమా, రిథమ్ కొట్టడమా, డిస్టార్షన్‌తో లీడా? సగం కంటే ఎక్కువ క్లీన్ అయితే మీ దారి ఒకటి, సగం సగం అయితే మరొకటి. ఈ కాగితం జేబులో పెట్టుకునే షాపుకి వెళ్లండి. లేకపోతే అక్కడ అందరూ చేసే పనే మీరూ చేస్తారు: ఆంప్లిఫయర్ (ఆంప్) మీద డిస్టార్షన్ పెంచే గెయిన్ నాబ్ మొత్తం తిప్పేసి, వచ్చిన రెండు లీడ్ ముక్కలు వాయించి, ఆ హోరులో నచ్చిందనుకుని డబ్బు కట్టేస్తారు.

2. పికప్‌ల వరుస చూడండి

గిటార్ స్వభావంలో ఎక్కువ భాగం ఇక్కడే తేలిపోతుంది. పికప్ అంటే అయస్కాంతం చుట్టూ సన్నటి రాగి తీగ వేల చుట్లు. పైన ఉక్కు తీగ కదిలితే ఆ చుట్లలో విద్యుత్తు పుడుతుంది. ఇలాంటి చుట్ట (కాయిల్) ఒక్కటే ఉంటే సింగిల్ కాయిల్. దాని శబ్దం పలచగా, మెరుపుగా ఉంటుంది, మీటిన ప్రతి మీటూ విడివిడిగా వినిపిస్తుంది. కాకపోతే చుట్టుపక్కల కరెంటు గోలని కూడా అది పట్టేస్తుంది. మన దేశంలో సరఫరా 50 హెర్ట్జ్ కాబట్టి స్పీకర్లో ఆ బొంయ్ మనే మోత వస్తుంది. పందిట్లో లైట్ల డిమ్మర్లు, జనరేటర్, సరిగా లేని ఎర్తింగ్ కలిస్తే అది ఇంకా పెరుగుతుంది.

రెండు చుట్టలని ఎదురు దిశల్లో కలిపి ఆ మోతని రద్దు చేసేదే హంబకర్. గిబ్సన్ కంపెనీలో సెత్ లవర్ 1955లో దీన్ని రూపొందించాడు. 1957 నుంచి లెస్ పాల్ గిటార్లకి అమర్చారు. మోత పోతుంది, శబ్దం లావవుతుంది, డిస్టార్షన్‌లో నిలకడగా పాడుతుంది. బదులుగా పైస్థాయి మెరుపు కొంత తగ్గుతుంది.

షాపులో ఎస్సెస్సెస్, హెచ్చెస్సెస్, హెచ్చెచ్ అని చెప్పేది ఈ అమరికనే. ఎస్ అంటే సింగిల్ కాయిల్, హెచ్ అంటే హంబకర్. 1954లో వచ్చిన ఫెండర్ స్ట్రాటోకాస్టర్‌వి మూడూ సింగిల్ కాయిళ్లే. ఫెండర్ వాళ్ల చవక బ్రాండ్ స్క్వయర్ అఫినిటీ స్ట్రాట్ మామూలు మోడల్ ఆ బాటలోనే నడుస్తుంది. చాలా యమహా పసిఫికాల్లో బ్రిడ్జ్ (బాడీ మీద తీగలు ఆనే చోటు) వైపు హంబకర్, మిగతా రెండూ సింగిల్ కాయిళ్లు. ఎపిఫోన్ లెస్ పాల్ స్టాండర్డ్‌లో రెండూ హంబకర్లే.

నా మాట అడిగితే, ఒకే గిటార్‌తో మెలొడీ స్టేజి మొత్తం నడపాలంటే హెచ్చెస్సెస్ తీసుకోండి. నెక్ (ఎడమచేత్తో తీగలు నొక్కే పొడవు భాగం) వైపు సింగిల్ కాయిల్‌తో భజన, పాత హిందీ పాట సాఫీగా వెళ్లిపోతాయి. డాన్సు పాటలో లీడ్‌కి బ్రిడ్జ్ హంబకర్ ఉంది. చర్చిలోనో ఇంట్లో రికార్డింగ్ కోసమో క్లీన్ మాత్రమే వాయించేవాళ్లకి మూడు సింగిల్ కాయిళ్లదే అందం, అందులో సందేహం లేదు. కాలేజీ రాక్ బ్యాండ్ అయితే రెండు హంబకర్లది.

3. స్విచ్ తిప్పండి, నాబ్ పైకి లాగండి

మూడు పికప్‌లున్న గిటార్ల అయిదు స్థానాల స్విచ్‌లో రెండోది, నాలుగోది రెండేసి పికప్‌లని కలుపుతాయి. ఆ కాస్త ముక్కుతో పలికినట్టుండే గాజు శబ్దం ఈ గిటార్ల సొత్తు. మొదట్లో స్ట్రాటోకాస్టర్‌కి మూడు స్థానాలే ఉండేవి. వాయించేవాళ్లు స్విచ్‌ని మధ్యలో ఇరికించి ఆ శబ్దం రాబట్టేవాళ్లు. అది చూసి కంపెనీ 1977లో అయిదు స్థానాల స్విచ్ పెట్టింది. మధ్య పికప్‌ని ఎదురు దిశలో చుట్టి ఉంటే ఆ రెండు స్థానాల్లో కరెంటు మోత కూడా పోతుంది. చవక మోడళ్లలో ఈ ఏర్పాటు ఉంటుందని అనుకోకూడదు. ఆంప్‌కి పెట్టి మూడు నుంచి నాలుగుకి మార్చి, మోత తగ్గిందో లేదో వినండి.

కాయిల్ స్ప్లిట్ అనేది ఇంకో సంగతి. ఒకేలా కనిపించే మోడళ్ల మధ్య ధర తేడాకి చాలాసార్లు కారణం ఇదే. యమహా పసిఫికా 012, 112వి పక్కపక్కన పెడితే దూరం నుంచి కవలలే. 112వి మోడల్‌లో టోన్ నాబ్‌ని పైకి లాగితే హంబకర్‌లో ఒక చుట్ట ఆగిపోయి సింగిల్ కాయిల్‌లా పలుకుతుంది. 012కి అది లేదు. స్ప్లిట్ చేసినప్పుడు శబ్దం తగ్గుతుంది, కాస్త మోత తిరిగొస్తుంది, అది సహజమే. నిజంగా పనిచేస్తోందా అని అనుమానం ఉంటే, వాల్యూమ్ తక్కువగా పెట్టి స్క్రూడ్రైవర్ మొనతో పికప్ మీది రెండు వరుసలనీ మెల్లగా తాకండి. పనిచేస్తున్న చుట్ట దగ్గర టక్కుమంటుంది, ఆగిన చుట్ట దగ్గర ఆ దెబ్బ బాగా తగ్గిపోతుంది.

వాల్యూమ్ నాబ్‌ని పది నుంచి అయిదుకి దించి కూడా వినాలి. కొన్నిటిలో శబ్దం తగ్గడంతో పాటు బురదలా మారుతుంది. స్టేజి మీద గాయని పల్లవి అందుకునేటప్పుడు మీరు చేసే పని అదే కదా, గిటార్ తగ్గించడం.

4. నెక్ చేతికి పడాలి

ఫెండర్ తరహా గిటార్ల స్కేల్ లెంగ్త్ (మీటినప్పుడు కదిలే తీగ పొడవు) 25.5 అంగుళాలు, అంటే 648 మిల్లీమీటర్లు. గిబ్సన్ తరహా వాటిది దాదాపు 24.75 అంగుళాలు. అవే తీగలు రెండింటికీ వేస్తే పొడవుదానిలో బిగువు ఎక్కువ, చిన్నదానిలో బెండ్ చేయడం (తీగని పక్కకి నెట్టి స్వరం పెంచడం) తేలిక. వీణ గమకం అలవాటున్న చెవికి బెండ్ ముఖ్యం కాబట్టి ఇది చిన్న విషయం కాదు. అయితే లావు తీగలతో ఉన్న ఒక గిటార్‌ని, సన్న తీగలతో ఉన్న ఇంకోదాన్ని పోల్చి నెక్ మీద తీర్పు చెప్పకండి. రెండింటికీ 9 నుంచి 42 (తీగల మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో) సెట్టే ఉందా అని అడగండి.

తర్వాత ఇవి చూడండి:

- పన్నెండో ఫ్రెట్ (నెక్ మీది అడ్డ లోహపు కమ్మి) పైన సన్న తీగని పూర్తి స్వరం బెండ్ చేయండి. మధ్యలో శబ్దం చచ్చిపోతే తీగ పై ఫ్రెట్‌ని తాకుతోందన్నమాట. ఫింగర్‌బోర్డ్ వంపు ఎక్కువగా ఉండి తీగలు బాగా కిందికి ఉంటే ఇలా జరుగుతుంది.
- నెక్ అంచు పొడవునా బొటనవేలు జార్చండి. ఫ్రెట్ చివరలు గీరుకుంటే ఆ నెక్ ఎండిపోయింది, లేదా ఫినిషింగ్ సరిగా చేయలేదు.
- ప్రతి తీగనీ ప్రతి ఫ్రెట్‌లోనూ ఒక్కసారి మీటండి. విసుగే, కానీ ఒక్క చోట బరబర ఉంటే ఇక్కడే బయటపడుతుంది.
- పన్నెండో ఫ్రెట్ మీద హార్మోనిక్ (నొక్కకుండా వేలు తాకించి మీటితే వచ్చే స్వరం), అదే చోట నొక్కి మీటిన స్వరం, రెండూ ఫోన్‌లోని ట్యూనర్‌లో ఒకటే చూపాలి. కొద్ది తేడా ఉంటే బ్రిడ్జ్ దగ్గర సర్దొచ్చు.

5. బ్రిడ్జ్

ఫ్లాయిడ్ రోజ్ తరహా తేలే బ్రిడ్జ్ ఉన్న గిటార్ చూడ్డానికి మోజుగా ఉంటుంది, ఆర్కెస్ట్రావాడికి మాత్రం వద్దు. గాయకుడు "అర శ్రుతి దించు గురూ" అంటే ఒక తీగ దించగానే మిగతావన్నీ పైకి లేస్తాయి. తీగ తెగితే గిటార్ మొత్తం శ్రుతి తప్పుతుంది. మామూలు ట్రెమొలో (స్వరాన్ని ఊపే కాడ ఉన్న బ్రిడ్జ్) అయితే స్ప్రింగులు బిగించి బాడీకి ఆనించి వాడుకోండి.

6. ఎలా వినాలి

ఒకే ఆంప్, ఒకే కేబుల్, బేస్ ట్రెబుల్ మధ్యలో, గెయిన్ సున్నా. ముందు క్లీన్. డిస్టార్షన్ తేడాలని కప్పేస్తుంది. చాలామంది తప్పేదీ, నేను గట్టిగా చెప్పేదీ ఇంకొకటుంది: రెండు గిటార్ల శబ్దం సమానంగా ఉండాలి. హంబకర్ సహజంగానే గట్టిగా పలుకుతుంది, గట్టిగా పలికింది చెవికి మంచిదిలా తోస్తుంది. సింగిల్ కాయిల్ గిటార్ వంతు వచ్చినప్పుడు ఆంప్ వాల్యూమ్ కాస్త పెంచండి. అప్పుడు పోల్చండి.

మీరు స్టేజి మీద ఆంప్ లేకుండా ప్రాసెసర్ (ఎఫెక్టుల పెట్టె) నుంచి నేరుగా మిక్సర్‌కి ఇస్తారా? మన వైపు చాలామంది అంతే. అయితే ఆ ప్రాసెసరే షాపుకి పట్టుకెళ్లండి. ఇంట్లో మీరు సిద్ధం చేసి దాచుకున్న ప్యాచ్‌లలోనే (సెట్టింగుల్లోనే) విన్నాక కాగితం తీసి, ఒక్కో రకం పాటలో ఓ నాలుగు గతులు వాయించండి. వెంట వచ్చిన స్నేహితుణ్ణి అటు తిరిగి నిలబడమని చెప్పి, ఏది వాయిస్తున్నారో చెప్పకుండా వినిపించండి. రంగు, పేరు కనబడనప్పుడు వచ్చే అభిప్రాయం నమ్మదగ్గది.

7. చెక్క గురించి ఎక్కువ తల బద్దలుకొట్టుకోవద్దు

ఆల్డర్, పాప్లర్, బాస్‌వుడ్, మహాగని అని గంటలు వాదించేవాళ్లున్నారు. ఈ ధరల్లో పికప్, సెటప్ (తీగల ఎత్తు, నెక్, బ్రిడ్జ్ సర్దడం) తెచ్చే తేడా ముందు అది చిన్నది. బరువు మాత్రం చూడండి. లెస్ పాల్ తరహావి నాలుగు కిలోల దాకా ఉంటాయి, తెల్లవారేదాకా భుజాన వేసుకునేది మీరే. ఒక ముచ్చట: 2017లో రోజ్‌వుడ్ వ్యాపారంపై అంతర్జాతీయ ఆంక్షలు వచ్చాక ఫెండర్ చవక మోడళ్ల ఫింగర్‌బోర్డులకి ఇండియన్ లారెల్ వాడటం పెరిగింది. అది మన నల్లమద్దే. ఒడిశా అడవుల్లో టసర్ పట్టుపురుగులు మేసే చెట్టు.

8. ఊళ్లో దొరక్కపోతే

బరంపురంలో మీకు కావలసిన రెండు మోడళ్లూ పక్కపక్కన దొరక్కపోతే భువనేశ్వరమో విశాఖో వెళ్లాలి. రెండూ ఒకే రైలు మార్గంలో ఉన్నాయి, భువనేశ్వరం దగ్గర. రాయగడవాళ్లకి విజయనగరం మీదుగా విశాఖే సుళువు. బరంపురం ఠాకురాణి యాత్ర (అమ్మవారి జాతర) ముందు కొనాలనుకుంటే ఆఖరి వారం దాకా ఆగకండి, కొత్త గిటార్ చేతికి అలవాటు కావాలి.

ఆన్‌లైన్‌లో తెప్పిస్తే పెట్టె తెరిచేటప్పుడు వీడియో తీయండి, నాలుగో మెట్టులోని పరీక్షలన్నీ రిటర్న్ గడువు లోపలే చేయండి. గడువు దాటేదాకా తీగలు మార్చొద్దు, స్క్రూలు తిప్పొద్దు. సెకండ్ హ్యాండ్ అయితే నాబ్‌లు తిప్పినప్పుడు గరగర, జాక్ దగ్గర కేబుల్ కదిపితే శబ్దం పోవడం, మొదటి మూడు ఫ్రెట్ల మీద తీగల గుంటలు చూడండి. మొదటి రెండూ తక్కువలో బాగవుతాయి, ఫ్రెట్లు అరిగిపోతే ఖర్చు.

బడ్జెట్ మొత్తం గిటార్‌కే పెట్టేయకుండా సెటప్‌కీ, మంచి కేబుల్‌కీ, రెండు సెట్ల తీగలకీ కొంత ఉంచండి. సరిగా సెటప్ చేసిన చవక గిటార్ ముందు, చేయని ఖరీదైనది చేతికి బరువే. గోపాల్‌పూర్ సముద్రం బరంపురానికి పదిహేను కిలోమీటర్లు. ఆ ఉప్పుగాలికి తీగలు తొందరగా తుప్పు పడతాయి, వానాకాలంలో నెక్ వంపు కూడా మారుతుంది. వాయించాక పొడిగుడ్డతో తీగల కింద కూడా తుడిచి, సిలికా జెల్ సంచి వేసిన బ్యాగులో పెట్టండి. నెక్ సర్దాల్సి వస్తే ట్రస్ రాడ్‌ని (నెక్ లోపలి లోహపు కడ్డీని) ఒకసారికి పావు చుట్టు కంటే ఎక్కువ తిప్పకండి, తిప్పాక మళ్లీ శ్రుతి చేసి చూడండి.