ఎంక్యాట్ స్కోర్ తగ్గిందా? అప్లికేషన్ పంపే ముందు ఇది చదవండి

అమెరికా మెడికల్ కాలేజీల ప్రవేశ పరీక్ష ఎంక్యాట్ స్కోర్ వచ్చిన రోజు ఏ నిర్ణయమూ తీసుకోకండి. ఆ టెన్షన్‌లో అదే రాత్రి మళ్లీ పరీక్షకి డేట్ బుక్ చేసి, పాత పద్ధతిలోనే చదివి, మూడు నెలల తర్వాత దాదాపు అదే స్కోర్‌ తెచ్చుకున్నవాళ్లని చూశాను.

ముందు "తక్కువ" అంటే ఎంతో తేల్చుకోండి. 472 నుంచి 528 దాకా ఉండే ఈ పరీక్షలో సరిగ్గా మధ్య 500. అమెరికాలో ఎండీ (అక్కడ డాక్టర్ అవడానికి చదివే మొదటి మెడికల్ డిగ్రీ) కాలేజీల్లో చేరేవాళ్ల సగటు ఈమధ్య 511, 512 దగ్గర ఉంటోంది. అది సగటే, కటాఫ్ కాదు, కాబట్టి 506 వస్తే బెంగ పెట్టుకోనక్కర్లేదు. 492 వస్తే మాత్రం మళ్లీ రాయడమే నయం, ఎందుకంటే అంత స్కోర్‌తో చాలా కాలేజీల్లో అప్లికేషన్‌తో పంపే మీ వ్యాసం ఎవరైనా చదివేదాకా వెళ్లడమే కష్టం.

తర్వాత విడివిడి స్కోర్లు చూడండి. నాకు తెలిసిన ఒకమ్మాయికి 501 వచ్చింది. మూడు సెక్షన్లలో 127, 127, 126 ఉన్నాయి, పాసేజీలు చదివి అర్థం చేసుకుని జవాబులు పెట్టే నాలుగో సెక్షన్ కార్స్‌లో 121. అయినా బయాలజీ అంతా మొదటి నుంచి చదవడానికి కూర్చుంటే ఆపాను. రోజూ రెండు పాసేజీలు చేసి, తప్పయిన ప్రతి ప్రశ్న గురించీ నోట్‌బుక్‌లో రెండే విషయాలు రాయమన్నాను: నేను ఈ ఆప్షన్ ఎందుకు పెట్టాను, సరైన జవాబుకి ఆధారం ఏ వాక్యంలో ఉంది. రచయిత అనని మాటని తనే ఊహించుకుని జవాబు పెడుతోందని రెండు వారాల్లో తనకే అర్థమైంది.

మళ్లీ రాయడానికీ లెక్కుంది. ఏడాదిలో మూడుసార్లు, వరుసగా రెండేళ్లలో నాలుగు, జీవితం మొత్తం మీద ఏడు. పరీక్షకి వెళ్లకపోయినా, రాసి స్కోర్ వద్దని వాయిడ్ (రద్దు) చేసినా ఒక ఛాన్స్ పోయినట్టే. పైగా పాత స్కోర్లు కూడా కాలేజీలకి కనిపిస్తాయి, అందుకే ప్రాక్టీస్ టెస్టుల్లో మీకు కావాల్సిన స్కోర్ వరుసగా వచ్చేదాకా ఆగండి.

రాయను, ఉన్నదాంతోనే వెళ్తాను అంటారా? అప్పుడు అసలు పనంతా కాలేజీల లిస్టులోనే ఉంది. ఎంక్యాట్ నడిపే ఏఏఎంసీ (అమెరికా మెడికల్ కాలేజీల సంఘం) వాళ్ల ఆన్‌లైన్ కాలేజీల సమాచార జాబితా ఎంఎస్ఏఆర్‌లో ఒక్కో కాలేజీలో చేరినవాళ్ల స్కోర్లు ఎక్కడి నుంచి ఎక్కడిదాకా ఉన్నాయో కనిపిస్తుంది, అది చూసి ఎంచుకోండి. మీ స్టేట్ కాలేజీలని వదలొద్దు, బయటివాళ్లని పెద్దగా తీసుకోని వేరే స్టేట్ పబ్లిక్ కాలేజీలకి డబ్బు పోయకండి. డీఓ (ఆస్టియోపతిక్ మెడిసిన్, ఇదీ డాక్టర్ డిగ్రీయే) కాలేజీల్లో సగటు 504 దగ్గర ఉంటుంది. వాటిని చిన్నచూపు చూసే మాటలు దయచేసి పట్టించుకోకండి, 2020 నుంచి ఎండీలకీ డీఓలకీ రెసిడెన్సీ మ్యాచ్ (డిగ్రీ తర్వాత హాస్పిటల్ ట్రైనింగ్ సీట్లు కేటాయించే పద్ధతి) ఒకటే.

జీపీఏ కూడా తక్కువైతే ముందు పోస్ట్‌బ్యాక్ (డిగ్రీ అయ్యాక మళ్లీ చేసే సైన్స్ కోర్సులు) గానీ స్పెషల్ మాస్టర్స్ (మెడికల్ కాలేజీకి సిద్ధం చేసే పీజీ) గానీ ఆలోచించండి.

ఎండీ కాలేజీల అప్లికేషన్‌లో 15 యాక్టివిటీలు రాయొచ్చు, వాటిలో ముఖ్యమైన మూడింటికి అదనంగా 1325 అక్షరాల చోటు ఇస్తారు. "రోగుల సేవ తృప్తినిచ్చింది" అని అందరూ రాస్తారు. ఆక్సిజన్ మాస్క్‌తో మాట్లాడలేక అవస్థ పడుతున్న పెద్దాయనకి మీరు కాగితం, పెన్ను ఇస్తే, ఆయన మొదట "కళ్లజోడు" అని రాశారనుకోండి, అది రాయండి. తక్కువ స్కోర్‌కి సంజాయిషీలు మాత్రం వద్దు. అప్లికేషన్లు తీసుకోవడం మే చివర్లోనో జూన్ మొదట్లోనో మొదలవుతుంది. చాలా కాలేజీలు వచ్చినవి వచ్చినట్టే చూస్తూ సీట్లు నింపుకుంటూ పోతాయి కాబట్టి జూన్‌లోనే పంపేయండి.