లైసెన్స్ చదవడం – నాలుగో పాఠం: అనుమతి ఏ లైనులో ఉంది?

ఏది ఓపెన్ సోర్స్ (ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచొచ్చు అని అనుమతి ఉన్న కోడ్), ఏది కాదో తేల్చమని పోయిన పాఠం చివర ఇచ్చిన ఫైళ్లకు హన్మకొండ నుంచి, కరీంనగర్ నుంచి వచ్చిన జవాబులు చదివి తల పట్టుకున్నా. ‘ఆల్ రైట్స్ రిజర్వ్‌డ్’ కనపడగానే చాలామంది ‘ఓపెన్ సోర్స్ కాదు’ అని కొట్టేశారు. ఉత్త కాపీరైట్ లైను తప్ప ఇంకేమీ లేని ఫైలునేమో ‘గిట్‌హబ్‌లో (కోడ్ పెట్టుకునే సైట్) ఉంది కదా’ అని పాస్ చేశారు. సరిగ్గా తలకిందులు! అందుకే కొత్త పాఠం పక్కన పెట్టి ముందు దీని సంగతి చూద్దాం.

‘ఆల్ రైట్స్ రిజర్వ్‌డ్’ 1910 నాటి బ్యూనస్ ఎయిర్స్ ఒప్పందం కాలపు అలవాటు. హక్కులు అట్టిపెట్టుకున్నామని రాస్తేనే అప్పట్లో మిగతా సభ్య దేశాల్లో రక్షణ దొరికేది. ఇప్పుడు ఆ అవసరం లేదు, అయినా బీఎస్‌డీ అనే ఓపెన్ సోర్స్ లైసెన్స్ నోటీసుల్లో ఆ మాట అట్లనే ఉండిపోయింది. దాని కిందే వాడుకోవడానికి, మార్చుకోవడానికి, పంచడానికి అనుమతి రాసి ఉంటుంది. పట్టా నా పేరు మీదే ఉంది, దున్నుకోమని ఊరందరికీ రాసిచ్చా. రెండింటికీ పేచీ ఎక్కడిది? రాసిచ్చిన కాగితమే లేకపోతే మాత్రం, కోడ్ అందరికీ కనపడుతున్నా ముట్టుకోవద్దు.

ఇక క్రియలు చూడండి: వాడటం, కాపీ చేయడం, మార్చడం, పంచడం. పైన్ అనే మెయిల్ ప్రోగ్రామ్ నోటీసులో ఇవన్నీ ఉన్నాయి. అయినా దాన్ని తయారుచేసిన వాషింగ్టన్ యూనివర్సిటీ ‘మార్చొచ్చు, పంచొచ్చు, మార్చింది పంచొద్దు’ అని అర్థం తీసింది. ఐఎస్‌సీ అనే మరో ఓపెన్ సోర్స్ లైసెన్స్‌లో మార్చడం, పంచడం మధ్య ‘అండ్/ఆర్’ కనపడితే వింతగా చూడకండి, ఇలాంటి మెలికకు అది తాళం.

షరతుల దగ్గర నేను వెతికేది ఒక్కటే: ఎవరికి, ఏ పనికి అని గీత గీశారా? ‘చదువుకే’, ‘వ్యాపారానికి వద్దు’ అంటే ఓపెన్ సోర్స్ కాదు, అక్కడితో సరి. జేసన్ లైసెన్స్ దాదాపు ఎంఐటీ (చిన్నదైన ఒక ఓపెన్ సోర్స్ లైసెన్స్) పాఠమే. ‘మంచికే వాడాలి, చెడుకు కాదు’ అన్న ఒక్క వాక్యం చేరి ఓపెన్ సోర్స్ నిర్వచనంలోని ఆరో నియమానికి (ఏ పనికి వాడినా అడ్డు చెప్పొద్దు) అడ్డం పడింది.

పైన ‘ఎంఐటీ’ అని రాసి ఉంటే నేను నమ్మను. లైసెన్స్‌ల అసలు పాఠాలుండే ఎస్‌పీడీఎక్స్ జాబితాలోని పాఠంతో డిఫ్ కొడతా, అంటే రెండింటినీ పక్కపక్కన పెట్టి తేడాలు చూస్తా. ఎక్కువొచ్చిన వాక్యం అప్పుడే బయటపడుతుంది.

అభ్యాసం: మీ ఫైనలియర్ ప్రాజెక్టులో నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్ (బయటి నుంచి తెచ్చుకున్న కోడ్ ప్యాకేజీలుండేది) తెరిచి ప్రతి లైసెన్స్ ఫైలునూ ఇట్లా డిఫ్ కొట్టండి. అవును, ప్రతి ఒక్కటీ.