సెయిలింగ్ స్కూలుకు అడ్వాన్స్ కట్టే ముందు

వేసవి సెలవుల్లో వెళ్లి యాట్ (పెద్ద తెరచాప పడవ) స్కిప్పర్, అంటే కెప్టెన్, సర్టిఫికెట్ తెచ్చుకుందామనుకునే హైదరాబాద్ వాళ్లు ఫిబ్రవరి, మార్చి నెలల్లోనే స్కూళ్లకు అడ్వాన్స్ కట్టేస్తున్నారు. వెబ్‌సైట్‌లో ఫొటోలు బాగుంటాయి, ఫీజు అందుబాటులో ఉంటుంది, వారం రోజుల్లో కోర్సు అయిపోతుంది. వాటిని చూసి తొందరపడకండి. రేపు ఇంట్లోవాళ్లను, స్నేహితులను ఎక్కించుకుని సముద్రంలోకి వెళ్లేది మీరే. గాలి పెరిగినప్పుడు ఆ పడవలో మీకంటే తెలిసినవాళ్లు ఎవరూ ఉండరు. అందుకే ఏ స్కూలునైనా ఒక్క విషయంతో తూచండి. ఆ కోర్సులో చుక్కాని మీ చేతికి ఎంతసేపు వస్తుంది, ఎలాంటి నీళ్లలో వస్తుంది?

అంతకంటే ముందు హుస్సేన్ సాగర్‌లో మొదలుపెట్టండి. ఇక్కడ సెయిలింగ్ క్లబ్బులున్నాయి, ఆప్టిమిస్ట్, లేజర్ లాంటి చిన్న పడవల మీద నేర్పిస్తారు. చిన్న పడవలో తెరచాప తాడు ఆలస్యంగా వదిలితే వెంటనే నీళ్లలో పడతారు. గాలి ఎటు నుంచి వస్తోందో మెడకూ చెంపకూ తెలిసే అలవాటు అక్కడే వస్తుంది, నలభై అడుగుల యాట్ మీద అంత త్వరగా రాదు. వానాకాలంలో నైరుతి గాలి బాగా వీచే రోజుల్లో నేర్చుకుంటే ఇంకా మంచిది. చెరువే కదా అని లైఫ్‌జాకెట్ మాత్రం వదిలేయొద్దు. 1990లో బుద్ధ విగ్రహాన్ని తీసుకెళ్తున్న బార్జ్ (బరువులు మోసే బల్లపరుపు పడవ) ఒరిగిపోయి మనుషుల ప్రాణాలు పోయింది ఈ నీళ్లలోనే.

చెరువు నేర్పలేనివి కొన్ని ఉన్నాయి. ఆటుపోట్లు, రాత్రిపూట దూరంగా కనిపించే ఓడల లైట్లను బట్టి అవి ఎటు పోతున్నాయో పోల్చుకోవడం, లంగరు పట్టిందో జారుతోందో గమనించడం, అలల మీద గంటల తరబడి చార్టు (సముద్రపు మ్యాపు) చూస్తూ ఉండగలగడం. స్కూలుకు వెళ్లేది వీటి కోసమే.

ఎక్కువమంది ఎంచుకునేది బ్రిటన్‌కు చెందిన ఆర్‌వైఏ (రాయల్ యాటింగ్ అసోసియేషన్) పద్ధతి. ఐవైటీ (ఇంటర్నేషనల్ యాట్ ట్రైనింగ్), అమెరికాకు చెందిన ఏఎస్ఏ (అమెరికన్ సెయిలింగ్ అసోసియేషన్) కోర్సులు కూడా చాలా దేశాల్లో దొరుకుతాయి. ఆర్‌వైఏలో కాంపిటెంట్ క్రూ (పడవలో సిబ్బందిగా పనిచేయడం నేర్పేది), డే స్కిప్పర్ (పగటిపూట చిన్న ప్రయాణాలకు స్కిప్పర్‌గా తయారుచేసేది), కోస్టల్ స్కిప్పర్, ఆపైన యాట్‌మాస్టర్ అని మెట్లున్నాయి. ఇక్కడ మనవాళ్లు ఎక్కువగా పొరపడేది డే స్కిప్పర్ దగ్గర. ఆ కోర్సు ఐదు రోజులే. కానీ చేరేముందే ఐదు రోజులు యాట్ మీద గడిపి, 100 నాటికల్ మైళ్లు తిరిగి, రాత్రిపూట 4 గంటలు ప్రయాణించిన అనుభవం ఉండాలని ఆర్‌వైఏ సూచిస్తుంది. దానితోపాటు చార్టు, కంపాస్, ఆటుపోట్ల లెక్కలు ముందే తెలిసి ఉండాలి. ఇవేవీ లేకుండా నేరుగా చేరితే ఐదు రోజులూ తాళ్ల పేర్లు గుర్తుపెట్టుకోవడానికే సరిపోతాయి. 'అనుభవం లేకపోయినా పర్లేదు, వచ్చేయండి' అని డే స్కిప్పర్ సీటు అమ్మే స్కూలును నేను నమ్మను. ముందు కాంపిటెంట్ క్రూ చేయండి. థియరీ ఇక్కడే ఆన్‌లైన్‌లో పూర్తి చేయండి. దాదాపు 40 గంటల చదువు ఉంటుంది, ఆఫీసు అయ్యాక సాయంత్రాలు కూర్చుంటే రెండు నెలల్లో తేలిగ్గా అయిపోతుంది. చార్టు మీద పెన్సిల్‌తో గీతలు గీసి చేయండి, ఫోన్‌లో వీడియోలు చూసి వదిలేయకండి.

ఇప్పుడు నీళ్ల సంగతి. గ్రీస్ తీరంలో చాలాచోట్ల పోటుకూ పాటుకూ తేడా అర మీటరు కూడా ఉండదు. ఇంగ్లండ్‌లో సౌతాంప్టన్ దగ్గర అమావాస్య, పౌర్ణమి రోజుల్లో అది నాలుగు మీటర్ల దాకా వెళ్తుంది. ముంబై తీరంలోనూ పెద్ద పోటు రోజుల్లో నాలుగు మీటర్లు దాటుతుంది. పొద్దున నీళ్లున్న చోట మధ్యాహ్నానికి బురద తేలుతుంది, ప్రవాహం పడవను పక్కకు లాగేస్తుంది. అందుకే డే స్కిప్పర్ సర్టిఫికెట్ మీద ఆటుపోట్లున్న నీళ్లలో చేశారా, లేనివాటిలోనా అని రాసి ఇస్తారు. మధ్యధరా సముద్రంలో మాత్రమే నేర్చుకుని ముంబైలో పడవ తీయడమంటే, ఔటర్ రింగ్ రోడ్డు మీద కారు నేర్చుకుని నేరుగా కోఠి సందుల్లోకి వెళ్లడమే. సెలవుల్లో గ్రీస్‌లో తిరగడం వరకే మీ ఆలోచనైతే అక్కడే నేర్చుకోవచ్చు, తప్పులేదు. మన తీరంలో తిరగాలనుంటే ఆటుపోట్లున్న చోటే చేరండి, ఖర్చు కాస్త ఎక్కువైనా సరే.

కాలం కూడా చూసుకోండి. థాయ్‌లాండ్‌లోని ఫుకెట్, మలేషియాలోని లంకావి వైపు నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా బాగుంటుంది. మే నుంచి నైరుతి రుతుపవనాలతో ఉన్నట్టుండి గాలివానలు మొదలవుతాయి. మన పిల్లల సెలవులు సరిగ్గా అప్పుడే కాబట్టి తేదీలు జాగ్రత్త. ముంబైలో జూన్ నుంచి సెప్టెంబర్ దాకా సెయిలింగ్ దాదాపు ఆగిపోతుంది. గ్రీస్‌లో తూర్పున ఏజియన్ సముద్రం వైపు జులై, ఆగస్టుల్లో మెల్టెమి అనే ఉత్తరపు గాలి రోజుల తరబడి గట్టిగా వీస్తుంది. కొత్తవాళ్లకు పడమటి వైపున్న అయోనియన్ సముద్రం నయం.

స్కూలుకు ఫోన్ చేసి అడగండి, జవాబులు మెయిల్‌లో తెప్పించుకోండి. పడవలో ఎంతమంది విద్యార్థులు? ఇన్‌స్ట్రక్టర్ ఒక్కరికి ఐదుగురు దాటకూడదు. ఆ ఐదుగురిలో డే స్కిప్పర్ చేసేవాళ్లెందరు? నలుగురుంటే స్కిప్పర్‌గా మీ వంతు చాలా తగ్గిపోతుంది, ఇద్దరుంటే అదృష్టం. రాత్రి ప్రయాణం ఏ రోజు పెడతారు? నేర్పేది ఫలానా ఇన్‌స్ట్రక్టరే అని చెప్పగలరా? డీజిల్, మరీనా (యాట్లు కట్టేసే రేవు) అద్దె, తిండి, పరీక్ష ఫీజు కోర్సు ఫీజులోనే ఉన్నాయా? వాతావరణం బాగాలేక రోజులు పోతే ఏం చేస్తారు? వీసా రాకపోతే డబ్బు ఎంత వెనక్కిస్తారు? స్కూలు పేరు గుర్తింపు ఇచ్చిన సంస్థ జాబితాలో ఉందో లేదో మీరే చూసుకోండి, లోగో ఎవరైనా పెట్టుకోవచ్చు. శాకాహారులైతే అది కూడా ముందే చెప్పాలి, పడవలో వంట అందరికీ కలిపే జరుగుతుంది.

కొన్ని నెలల్లో సున్నా నుంచి యాట్‌మాస్టర్ చేసేస్తామనే కోర్సుల దగ్గర ఇంకొంచెం ఆగి ఆలోచించండి. యాట్‌మాస్టర్‌లో ఒక స్థాయి అయిన యాట్‌మాస్టర్ ఆఫ్‌షోర్ పరీక్షకు 2,500 నాటికల్ మైళ్లు, 50 రోజులు సముద్రం మీద ఉన్నట్టు లాగ్‌బుక్ చూపించాలి. 60 మైళ్లు దాటిన ప్రయాణాలు ఐదుండాలి. రాత్రంతా సాగినవి కనీసం రెండు, మీరే స్కిప్పర్‌గా చేసినవి కనీసం రెండు అందులో ఉండాలి. పరీక్ష చేసేది బయటి ఎగ్జామినర్. 'మైళ్లు మేం సర్దేస్తాం' అని ఎవరైనా అంటే అక్కడితో ఫోన్ పెట్టేయండి. రాత్రి గాలివానలో పడవను ఒడ్డుకు చేర్చాల్సి వచ్చినప్పుడు దొంగ మైళ్లు ఎందుకూ పనికిరావు, ప్రాణం పోయేది మిమ్మల్ని నమ్మి ఎక్కినవాళ్లది.

చేరిన మొదటిరోజు మొహమాటపడకుండా చూడాల్సినవి: మీకిచ్చిన లైఫ్‌జాకెట్‌లో గ్యాస్ సిలిండర్ బిగుతుగా ఉందా, నీళ్లు తగలగానే జాకెట్‌ను ఉబ్బించే ఆటోమేటిక్ యూనిట్ గడువు తీరిందా, కాళ్ల మధ్యగా వచ్చే పట్టీ ఉందా. అది లేకపోతే నీళ్లలో జాకెట్ పైకి లేచి తల కిందికి జారుతుంది. లైఫ్‌రాఫ్ట్ (ప్రమాదంలో ఎక్కే గాలి తెప్ప) సర్వీసు తేదీ, ఫ్లేర్ల (సాయం కోసం వెలిగించే మంటల) గడువు కూడా అడగండి. బయల్దేరేముందు ఇన్‌స్ట్రక్టర్ ఇవి చూపించకపోతే, ఆ స్కూలు ఎలాంటిదో మీకు తెలిసిపోయినట్టే. పడవ మీద బూమ్ (తెరచాప అడుగున ఉండే అడ్డకర్ర) ఊగే దారిలో తల పెట్టొద్దు, విన్చ్ (తాళ్లు చుట్టి లాగే యంత్రం) దగ్గర వేళ్లు జాగ్రత్త.

కళ్లద్దాలకు తాడు కట్టుకోండి, అదనంగా ఒక జత పట్టుకెళ్లండి. వాంతులు రాకుండా ఆపే మాత్రలు డాక్టర్‌ను అడిగి ముందురోజు రాత్రే మొదలుపెడితే మేలు, వికారం మొదలయ్యాక వేసుకుంటే పెద్దగా పనిచేయవు. ఈత రాకపోతే కోర్సుకు ముందే నేర్చుకోండి. ఎరుపు, ఆకుపచ్చ రంగుల్లో తేడా తెలుస్తుందో లేదో కంటి డాక్టర్‌తో పరీక్ష చేయించుకోవాలి, రాత్రి ఓడల లైట్లు ఆ రంగుల్లోనే ఉంటాయి.

సర్టిఫికెట్‌తో పాటు విదేశీ యాట్ల మీద ఉద్యోగం ఇప్పిస్తామనే ఏజెంట్లు ఇక్కడి కుర్రాళ్లకు తగులుతుంటారు. మన దేశం నుంచి ఓడల ఉద్యోగాలకు మనుషులను పంపే సంస్థకు డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ షిప్పింగ్ ఇచ్చే ఆర్‌పీఎస్‌ఎల్ లైసెన్సు ఉండాలి, ఉద్యోగం ఇప్పించినందుకు వాళ్లు మీ దగ్గర డబ్బు తీసుకోకూడదు. లైసెన్సు నంబర్ అడిగి, డీజీ షిప్పింగ్ వెబ్‌సైట్‌లో అది ఇప్పటికీ చెల్లుతుందో లేదో సరిచూసుకోండి. కోర్సు ఫీజు ఎప్పుడూ స్కూలు బ్యాంకు ఖాతాకే పంపాలి, మధ్యవర్తి సొంత ఖాతాకు ఒక్క రూపాయి కూడా వేయొద్దు.