ఈటీసీఓటూ వేవ్ తేడాగా వస్తే ముందు ఏం చూడాలి

ఓటీ, ఐసీయూల్లో కొత్తగా చేరిన టెక్నీషియన్లు, నర్సింగ్ స్టాఫ్ కోసం రాస్తున్నా. ఈటీసీఓటూ అంటే ఊపిరి వదిలేటప్పుడు చివర్లో వచ్చే గాలిలో ఉండే కార్బన్ డయాక్సైడ్ (సీఓటూ) కొలత, మానిటర్ మీద దాని గీతనే వేవ్ అంటాం. నార్మల్‌గా ఈటీసీఓటూ 35 నుంచి 45 mmHg మధ్య ఉంటుంది, కానీ నంబర్ ఒక్కటే చూసి వెళ్లిపోకండి, వేవ్ షేప్ కూడా చూడండి. ఆక్సిజన్ మీద ఉన్న పేషెంట్‌కి ఊపిరి ఆగినా సాచురేషన్ పడటానికి నిమిషాలు పట్టొచ్చు, వేవ్ మాత్రం ఆ తర్వాతి శ్వాసకే పోతుంది.

సమస్య: ట్యూబ్ వేశారు, గీత ఫ్లాట్‌గానే ఉంది.
ట్యూబ్ అన్నవాహికలోకి పోయిందనే ముందు అనుకోవాలి. మెషిన్ ప్రాబ్లమేమో, బ్రాంకోస్పాజమేమో (శ్వాసనాళాలు బిగుసుకుపోవడం) అని ఆలోచిస్తూ కూర్చుంటే ప్రాణం పోతుంది. ఛాతీ లేస్తోంది, ట్యూబ్‌లో ఆవిరి కనిపిస్తోంది, స్టెత్‌లో సౌండ్ వస్తోంది అంటారు, ఇవన్నీ మోసం చేస్తాయి. గుండె ఆగిన పేషెంట్‌కి కూడా సీపీఆర్ సరిగ్గా జరుగుతుంటే చిన్న వేవ్ అయినా వస్తుంది, కాబట్టి అరెస్ట్ కదా అని సరిపెట్టుకోవద్దు. బ్రిటన్‌లో రాయల్ కాలేజ్ ఆఫ్ అనెస్తటిస్ట్స్ వాళ్లు 'నో ట్రేస్, రాంగ్ ప్లేస్' అని క్యాంపెయిన్ నడిపింది ఇందుకే. డౌట్ ఉంటే గట్టిగా చెప్పండి, సీనియర్ డాక్టర్ ఎదురుగా ఉన్నా సరే "సార్, వేవ్ రావట్లేదు" అనాలి. డాక్టర్ ట్యూబ్ తీసి మాస్క్‌తో వెంటిలేట్ చేస్తారు. ఇంకోటి, పొట్టలో ఉన్న గ్యాస్ వల్ల మొదటి రెండు మూడు శ్వాసలకి చిన్న వేవ్ వచ్చి తగ్గిపోవచ్చు, అందుకే కనీసం ఏడు శ్వాసలు నిలకడగా రావాలి.

సమస్య: బాగా వస్తున్న వేవ్ సడెన్‌గా పోయింది.
ముందు పేషెంట్‌ని చూడండి, పల్స్ ఉందా, ఛాతీ కదులుతోందా. తర్వాత ట్యూబ్ దగ్గర్నుంచి మెషిన్ దాకా సర్క్యూట్ ఊడిందేమో చేత్తో తడుముతూ రండి. అన్నీ బాగుంటే శాంపిలింగ్ లైన్ (మానిటర్‌కి గాలి తీసుకెళ్లే సన్నని గొట్టం) మడత పడిందా, వాటర్ ట్రాప్ (ఆ లైన్‌లో తేమ చేరే డబ్బా) నిండిందా చూడండి. కొత్త లైన్ పెట్టి దాని కొసలోకి మీరే ఊదితే వేవ్ వచ్చిందంటే మెషిన్ బాగానే ఉన్నట్టు. లైన్ తగిలించే పోర్ట్ ఎప్పుడూ పైకి ఉండాలి, కిందికి ఉంటే నీళ్లు లైన్‌లోకి దిగుతాయి. బీపీతో పాటు ఈటీసీఓటూ కూడా ఒక్కసారిగా పడిపోతే అది లైన్ గొడవ కాదు, పల్మనరీ ఎంబాలిజమో (ఊపిరితిత్తుల రక్తనాళంలో అడ్డు) గుండె ఆగడమో అయ్యుండొచ్చు, వెంటనే అందర్నీ పిలవండి.

సమస్య: వేవ్ ఏటవాలుగా షార్క్ రెక్కలా ఉంది.
బ్రాంకోస్పాజమ్, లేదా ట్యూబ్ మడత, కఫం. సక్షన్ కేథటర్ సాఫీగా దిగుతోందో లేదో చూస్తే చాలావరకు తేలిపోతుంది.

సమస్య: గీత జీరోకి దిగట్లేదు.
వదిలిన గాలే మళ్లీ పీలుస్తున్నారు. సోడా లైమ్ (సర్క్యూట్‌లో సీఓటూని పీల్చుకునే గుళికలు) రంగు మారిందేమో చూడండి, వాల్వ్‌లు ఇరుక్కున్నాయేమో చూడండి, అప్పటిదాకా ఫ్రెష్ గ్యాస్ ఫ్లో పెంచమని డాక్టర్‌ని అడగండి.

సమస్య: సెడేషన్‌లో నేజల్ క్యానులా మీద నంబర్ తక్కువగా ఉంది.
నోటితో పీలుస్తున్నా ఇలా వస్తుంది, శ్వాస మరీ పైపైన ఉన్నా వస్తుంది. రెండోది డేంజర్, ఎందుకంటే లోపల సీఓటూ పెరిగిపోతున్నా బయట తక్కువే చూపిస్తుంది. పేరు పెట్టి పిలవండి, గడ్డం ఎత్తి పట్టుకోండి, అప్పటికీ శ్వాస మెరుగుపడకపోతే డాక్టర్‌కి చెప్పి ఏబీజీ (ధమని రక్తంలో గ్యాస్‌ల పరీక్ష) పంపించండి.